నరం దొరకని చెయ్యి

కెజియ ఆస్పత్రిలో నర్సుగా చేరి నెల తిరగలేదు, అప్పుడే మానేస్తానని కూర్చుంది.

నర్సు చదువులో ఫస్టు వచ్చిన పిల్ల. బళ్ళో రబ్బరు చెయ్యి మీద సూది గుచ్చమంటే చిటికెలో గుచ్చేసేది. మరి మనిషి చెయ్యి రబ్బరు చెయ్యి కాదు కదా! ఆ పొద్దున ఒక ముసలాయనకి సెలైన్ పెట్టబోతే నరం దొరకలేదు. ఇటు గుచ్చింది, అటు గుచ్చింది, మోచేతి దగ్గర గుచ్చింది, మళ్ళీ మణికట్టుకొచ్చింది. చెయ్యంతా కమిలిపోయింది.

"ఈ పిల్లని నా దగ్గరికి రానివ్వకండి, మీకు దణ్ణం పెడతాను" అని ఆయన ఏడ్చాడు. ఇంకో నర్సు పరిగెత్తుకొచ్చి సెలైన్ పెట్టింది. కెజియ గోడవైపు తిరిగి తనూ ఏడ్చింది.

ఆ వార్డుకి పెద్ద నర్సు రాహేలమ్మ. ఆవిడ జుట్టు అక్కడే నెరిసింది. కొత్తగా వచ్చిన పిల్లలకి పని నేర్పేదీ ఆవిడే.

"నా చెయ్యి దీనికి పనికిరాదక్కా. నన్ను పంపించెయ్యండి" అంది కెజియ.

"మధ్యలో నన్నెందుకు పిలవలేదే?"

"వార్డంతా చూస్తోందక్కా. ఇంత చదివొచ్చి, నాకు రాదని ఎలా పిలవను?"

"ట్రే పట్టుకుని రా" అని రాహేలమ్మ లేచింది.

కిటికీ పక్క మంచం మీద పైడమ్మ పడుకునుంది. వాంతులూ విరేచనాలూ అయ్యి మనిషి వడిలిపోయింది. చేతుల మీద నరమన్నదే కనపడదు. రాహేలమ్మ పట్టీ కట్టింది, నిమిరింది, తట్టింది, గుచ్చింది. నరం దొరికితే సూది వెనక రక్తం కనపడాలి, రాలేదు. రెండో చెయ్యి చూసింది. అక్కడా రాలేదు.

పక్క మంచం ఆవిడ కిసుక్కున నవ్వింది. "పెద్ద నర్సమ్మకే దొరకలేదర్రా!"

"దొరకలేదమ్మా" అని రాహేలమ్మ కూడా నవ్వింది. సూది తీసి పక్కన పెట్టేసింది. పైడమ్మ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "నొప్పి పెట్టాను తల్లీ, ఏమనుకోకు. ఇక నేను గుచ్చను."

అని, వార్డంతా వినేట్టు, "కెజియా! నా వల్ల కావడం లేదు. నువ్వొకసారి చూడవే!" అంది.

కెజియ ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"రా బుల్లీ" అంది పైడమ్మ, లేని ఓపిక తెచ్చుకుని. "ఆవిడ పిలుస్తోంది కదా."

కెజియ గుడ్డ వేడినీళ్ళలో తడిపి, పిండి, పైడమ్మ చేతికి చుట్టింది. కాసేపాగి వేలికొసతో వెతికింది. బొటనవేలి వైపు, మణికట్టుకి కాస్త పైన, మెత్తగా ఏదో తగిలింది. గుచ్చింది. సూది వెనక ఎర్రటి చుక్క కనిపించింది. ఎంత చిన్న చుక్కో! దాన్ని చూసి ఆ పిల్ల ఊపిరి పీల్చుకుంది.

తర్వాత ఇద్దరూ పక్కపక్కన నిలబడి చేతులు కడుక్కుంటుంటే, కెజియ మెల్లిగా అడిగింది. "అక్కా, నిజం చెప్పండి. నా కోసమని కావాలనే తప్పుగా గుచ్చారు కదూ?"

రాహేలమ్మ కుళాయి కట్టేసింది. ఆవిడకి కోపమొచ్చింది.

"జబ్బుమనిషి చేతిమీద నీకు పాఠాలు చెబుతానటే? దొరకలేదు. పిలిచాను."