నూకరాజు కూత

సన్యాసిరావు మాష్టారికి ఒక పాడలవాటుంది. ఏదడిగినా జవాబు చెప్పరు, చెప్పులేసుకుని, అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని బయలుదేరతారు. ఆయన దగ్గర కబడ్డీ నేర్చుకునే కాలేజీ కుర్రాళ్ళందరికీ ఇది తెలుసు. లోవరాజుకీ తెలుసు. అయినా ఆ సాయంత్రం ఉండబట్టలేక అడిగేశాడు.

"మాష్టారూ, కాలేజీవాళ్ళు సీటిచ్చారు, హాస్టలిచ్చారు, ఫీజొద్దన్నారు. జనమేమో టిక్కెట్లు కొని మా ఆట చూస్తున్నారు. మాకూ కొంత ఇమ్మంటే తప్పా? రేపు మైకులో వెయ్యడానికి నా కూత రికార్డు చేస్తారట. ఇప్పుడడిగితే సీటు పోతుందేమోనని భయంగా ఉంది."

ఊసుపోక అడిగిన ప్రశ్న కాదది. ఇంట్లో తండ్రి మంచం పట్టాడు. మాష్టారు చెప్పులేసుకున్నారు.

గ్రౌండు గోడవెనక ఒక పెంకుటింటి అరుగుమీద నూకరాజు కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు ఈ కాలేజీకి కప్పులు తెచ్చిపెట్టిన ఆటగాడు. ఈ గ్రౌండులోనే పక్కటెముక విరిగి ఊపిరితిత్తిలో దిగింది. ఇప్పుడు మాటంటే గుసగుసే. లోవరాజుకి జాలేసింది. ఆ జాలి ఎంతోసేపు నిలవలేదు, భయం వచ్చి కూర్చుంది.

మసకచీకటి పడుతుండగా గోడ అవతల మైకులో కూత మొదలైంది. పోటీల రోజుల్లో జనాన్ని పిలవడానికి కాలేజీవాళ్ళు ఏళ్ళ తరబడి వేస్తున్న రికార్డది. 'కబడ్డీ కబడ్డీ' అంటూ పడుచు గొంతు, నిండు ఊపిరి. హాస్టల్లో చేరినప్పటినుంచీ లోవరాజు దాన్ని వింటూనే ఉన్నాడు, ఎవరిదని ఎన్నడూ అడగలేదు. ఇక్కడ నూకరాజు పెదవులు కదలసాగాయి. నోరు ఈ అరుగుమీద, గొంతు ఆ గోడ అవతల. ఛాతీ మాత్రం కదలడం లేదు.

"కూత ఆగేదాకా ఊపిరి తియ్యడు బాబూ," అంది అతని భార్య అచ్చియ్యమ్మ, వీపు నిమురుతూ. "గీత దాటి అవతలోళ్ళ బరిలో ఉన్నాడంట. ఊపిరి తీస్తే అవుటైపోతాడంట."

ఎప్పుడూ కాసేపటికి ఆగే కూత ఆ పూట ఆగలేదు. రికార్డు ఎక్కడో ఇరుక్కుపోయి కూసిన ముక్కే మళ్ళీ మళ్ళీ కూస్తోంది. నూకరాజు పెదవులు నల్లబడ్డాయి. కళ్ళు గోడమీదే ఉన్నాయి. అచ్చియ్యమ్మ కేక పెట్టింది. లోవరాజు గోడ దూకి, గ్రౌండుకడ్డంగా పరిగెత్తి, మైకు తీగ పీకేశాడు.

తీగ చేతికొచ్చాక గాని తెలియలేదు, అంతసేపూ తన పెదవులూ ఆ కూతే కూస్తున్నాయని, తనూ ఊపిరి తియ్యలేదని. నోరు తెరిచి గాలి పీల్చుకున్నాడు.

తిరిగొచ్చేసరికి నూకరాజు రొప్పుతున్నాడు. "గీత ముట్టుకున్నానా?" అని గుసగుసగా అడిగాడు.

"ముట్టుకున్నావురా," అన్నారు మాష్టారు.

దారిలో లోవరాజు మాష్టారి పక్కకొచ్చాడు. "అప్పట్లో ఈయనేమైనా అడిగారా మాష్టారూ?" అన్నాడు.

"అడగలేదు. సీటిచ్చారుగా అనుకున్నాడు."

"మరి నేను?"

మాష్టారు నడుస్తూనే అన్నారు: "నీ ఊపిరి నీ దగ్గరుండగానే అడుగు."