బారెడు ఎడమకు

జమీందారు వేటకు బయల్దేరితే, మగవాళ్లు తిరిగొచ్చేదాకా ఆ ఊళ్లో ఆడవాళ్లు పొయ్యి వెలిగించేవాళ్లు కాదు. ఈసారి పంది తప్పించుకుంది. డప్పు కొట్టి దాన్ని తోలుతున్న బుడ్డన్నకు జమీందారు పేల్చిన గుండు తగిలి ప్రాణం పోయింది. అతని పెళ్లాం కచేరీ గుమ్మంలో కూలబడి ఉండగానే, జమీందారు కమ్మరి ఈరయ్యను పిలిపించాడు.

"నా తుపాకీ గొట్టం కొసన గురి చూసే బుడిపెను వంకరగా అతికావు. పందికి గురిపెడితే గుండు బారెడు ఎడమకు పోయింది. నీ చేతులు నరికిస్తాను."

ఈరయ్య తుపాకీ అందుకుని బుడిపెను బొటనవేలితో తడిమాడు. బుడ్డన్న అతని చిన్ననాటి నేస్తం.

"ఎప్పుడూ బారెడు ఎడమకేనా, దొరా?"

"ఎప్పుడూ అంతే. ఒట్టు."

"అయితే నా తప్పు అందరినీ చూడనివ్వండి. పంది ఉన్నంత దూరంలో మీరు నిలబడండి. సరిగ్గా మీ గుండెకే గురిపెడతాను. గుండు మీకు బారెడు అవతల పోతుంది."

జమీందారు గద్దె మీంచి కదల్లేదు.

"ఈ తుపాకీ ఎక్కడ కొడుతుందో దొరవారికి తెలుసు," అని ఈరయ్య దాన్ని కింద పెట్టాడు.

అతని చేతులు దక్కాయి. ఆ చేతులతోనే బుడ్డన్నకు గొయ్యి తవ్వాడు.