అసిరమ్మ చేపలు

కత్తి పట్టే ముందు పరాంకుశం మాష్టారు చచ్చిన పక్షి రెక్కను ఒకసారి పూర్తిగా విప్పి, ఈకలు సవరించి, మళ్లీ ముడిచిపెట్టేవారు. ఎందుకని ఎవరూ ఆయన్ని అడగలేదు. పశువైద్య కళాశాలలో ముప్పై ఏళ్లు పక్షుల రోగాల గురించి పాఠం చెప్పి విరమించాక కూడా, చుట్టుపక్కల పశువుల డాక్టర్లు చచ్చిన పక్షుల్ని, కారణం తేల్చమని ఆయన ఇంటికే తెచ్చేవారు.

ఒక వేసవి ఉదయం పాత శిష్యురాలు రమీజా ఐదు గువ్వల్ని తెచ్చింది. ఐదింటికీ గొంతులో పసుపుపచ్చని గడ్డ. మింగలేక ఆకలితో చచ్చాయి. జబ్బు ఆమెకు తెలిసిందే. ఎక్కడినుంచి వచ్చిందో కూడా కనుక్కుంది. ఆమె ఆస్పత్రి వీధిలో భార్య పోయిన ఒక పెద్దాయన రోజూ డాబా మీద గింజలు చల్లి, మట్టి మూకుడులో నీళ్లు పోస్తాడు. ఆ మూకుడు కడగాలని ఆయనకు ఎన్నడూ తోచలేదు. జబ్బుపడ్డ గువ్వ తాగిన నీళ్లే మిగతావీ తాగాయి.

“ఆయనకు మిగిలినవి ఆ గువ్వలే, మాష్టారూ. ‘మీరు పోసిన నీళ్లతోనే చచ్చాయి’ అని ఆయనతో ఎలా చెప్పను? కొన్నాళ్లు ఆగి, నెమ్మదిగా చెబితే తప్పా?” అని అడిగింది.

మాష్టారు చేతులు కడుక్కుని వచ్చి, తాను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన సంగతి ఒకటి చెప్పారు.

శ్రీకాకుళం వైపు గెడ్డవలస అని ఒక ఊరు. ఏటా ఆ ఊరి చింతచెట్ల మీదికి, ముక్కు కింద సంచి వేలాడే గూడబాతులు వచ్చి పిల్లల్ని చేస్తాయి. అవి పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలంటూ ఊరివాళ్లు వాటి మీద రాయి పడనిచ్చేవారు కాదు. అందరిలోకీ అసిరమ్మకు వాటి మీద మమకారం ఎక్కువ. ఆమె ఒక్కగానొక్క కూతురు తొలికాన్పులో పోయింది.

ఆ ఏడు ఫాల్గుణానికే చెరువులు అడుగంటాయి. చేపలు దొరక్క గూళ్లలో పిల్లలు అరుస్తుంటే అసిరమ్మ చూడలేకపోయింది. పొరుగూరి చేపల గుంటల దగ్గర చచ్చినవాటిని ఏరి పారేస్తారని తెలుసుకుని, రోజూ తెల్లవారుతూనే రెండు మైళ్లు నడిచి వెళ్లి, గంపడు నెత్తిన పెట్టుకుని తెచ్చి చెట్ల కింద పోసేది. పక్షులు దిగి తినేవి. గూళ్లలో అరుపులు తగ్గాయి. పది రోజులు ఆ ఊళ్లో ఆమెను మించిన పుణ్యాత్మురాలు లేదన్నారు.

పదకొండో రోజునుంచి పక్షులు రాలడం మొదలైంది. ముందు కాళ్లు పట్టు తప్పేవి, తర్వాత రెక్కలు, ఆఖరికి మెడ. బురదనీటిలో వాలిన తల ఎత్తలేక, ఊపిరి ఆడక పోయేవి. ఊరివాళ్లు సూర్రావు అనే రైతును అనుమానించారు. అతని కళ్లం మీద రెట్టలు పడుతున్నాయని అంతకుముందు ఒకసారి విసుక్కున్నాడట. పురుగుమందు గుళికలు అతనే పెట్టాడని, అతనింటికి నిప్పూ నీళ్లూ ఇవ్వకూడదని కట్టుబాటు చేశారు.

కబురు అంది మాష్టారు వెళ్లి మూడు పక్షుల్ని కోసి చూశారు. గుళికలు లేవు. కడుపుల్లో కుళ్లిన చేపలు, వాటిని పట్టిన పురుగులు ఉన్నాయి. ఎండకు కుళ్లిన మాంసంలో పుట్టే విషం అది, నరాల్ని చచ్చుబరుస్తుంది. ఆయనకు అనుమానమేమీ లేదు. కానీ ఆయన కత్తి కడుగుతూ తలెత్తేసరికి అసిరమ్మ ఎదురుగా కూర్చుని ఉంది. మెడ వాలిన ఒక పక్షిని ఒళ్లో పెట్టుకుని, దాని తల నేలకు తగలకుండా అరచేత్తో పట్టుకుంది. ఆయన పట్నం ప్రయోగశాలకు పంపి చూడాలని చెప్పి, ఆ సాయంత్రం బస్సెక్కారు.

ఇంటికి వెళ్లాక మనసు నిలవలేదు. మర్నాడు మధ్యాహ్నానికి తిరిగి వచ్చి, ఆమెను పక్కకు పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. అసిరమ్మ ఏడవలేదు. తన చేతుల్ని చూసుకుంది. ఈ సంగతి ఎప్పుడు తెలిసిందని అడిగింది. నిన్ననే తెలిసిందని ఆయన ఒప్పుకున్నారు.

“పొద్దున్న ఇంకో గంప ఏసీసినాను గదా, బాబూ,” అంది.

తర్వాత ఆమె నేరుగా ఊరివాళ్లు కూర్చున్న చోటికి వెళ్లింది. సూర్రావు తప్పేమీ లేదని, ఆ పాపం తనదేనని అందరి ముందూ చెప్పి, తలుపు మూసుకున్న అతని ఇంటికి కడివెడు నీళ్లు తానే మోసుకెళ్లింది. చెట్ల కింద మిగిలిన చేపల్ని, చచ్చిన పక్షుల్ని ఏరి, గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చింది. ఇంకా ఊపిరున్నవాటిని నీడకు చేర్చి, తలలు ఎత్తిపెట్టి, చుక్కచుక్కగా నీళ్లు పట్టింది. కొన్ని లేచాయి. మొదటినుంచీ ఆమె ఒళ్లో ఉన్న పక్షి లేవలేదు. మరుసటి ఏడు చింతచెట్ల మీద సగం కొమ్మలు బోడిగా ఉండిపోయాయి.

మాష్టారు చెప్పడం ఆపారు. అన్ని ప్రాణాల బరువు ఆ తల్లి ఒక్కతే ఎలా మోసిందని రమీజా అడిగింది.

“అన్నీ కాదమ్మా,” అన్నారు మాష్టారు. “ఆ చివరి గంప నాది.”