దున్న అడుగులో అమీబా అక్కచెల్లెళ్ళు

తూరుపు కొండల్లో కరకచెట్ల అడవి అని ఒకటుందర్రా పిల్లలూ. ఆ అడవిలో అడవిదున్నలున్నాయి, కణుజు దుప్పులున్నాయి, ఎలుగులున్నాయి, నెమళ్ళున్నాయి. వాటి కథలు మీరు బోలెడు విన్నారు. ఇవ్వాళ నేను చెప్పేది కంటికి కనపడని వాళ్ళ కథ.

ఒక వానాకాలంలో పెద్ద అడవిదున్న ఒకటి బురదలో అడుగేసి పోయింది. ఆ అడుగు గుంటలో నీళ్ళు నిలిచాయి. మనకది చెంబెడు నీళ్ళు. అందులో ఉండేవాళ్ళకి అదే సముద్రం.

ఆ నీళ్ళల్లో మెత్తమ్మ అని ఒక అమీబా ఉండేది. ఎట్లా ఉండేదంటే, గిన్నె అంచునుంచి కారిన గంజిబొట్టు చూశారుగా, అట్లా. కాళ్ళు లేవు, చేతులు లేవు, మూతి లేదు. ఎటు పోవాలనుకుంటే అటు ఒళ్ళు సాగదీస్తుంది. అదే కాలు. మిగతా ఒళ్ళంతా ఆ కాల్లోకి జారుకుంటూ పోతుంది. తిండి కనపడితే రెండు పక్కలా ఒళ్ళు చాపి కౌగిలించుకుంటుంది. ఆ కౌగిలే నోరు, ఆ కౌగిలే పొట్ట. ఒంట్లో ఒక నీటిసంచి ఉంటుంది. లోపలికి ఊరిన నీళ్ళని అది ఎప్పటికప్పుడు బయటికి తోడి పోస్తుంటుంది. ఇంక నడిమధ్యలో ఒక గింజ. ప్రాణమంతా ఆ గింజలోనే.

మెత్తమ్మ తిని తిని బాగా పెద్దదయ్యింది. ఒకరోజు లోపలి గింజ నడుం సన్నబడి రెండయ్యింది. ఆ తర్వాత ఒళ్ళు కూడా నడిమికి సన్నబడి, ఇంకా సన్నబడి, రెండుగా విడిపోయింది. చావు లేదు, పురుడు లేదు. తల్లి ఎవరంటే చెప్పలేం, బిడ్డ ఎవరంటే చెప్పలేం. ఉన్నదే ఇద్దరయ్యింది. మనుషులకి అట్లా లేదు.

ఒకరు మెత్తమ్మ, ఇంకొకరు సాగమ్మ.

“నేను అక్కని,” అంది మెత్తమ్మ.

“నువ్వెట్లా అక్కవే? నేనూ నీతోపాటే ఉన్నాగా. నేనే అక్కని,” అంది సాగమ్మ.

ఆ తగువు తెగలేదు. ఇద్దరూ ఒకర్నొకరు చెల్లీ, చెల్లీ అని పిలుచుకునేవాళ్ళు. పోయినచోటికల్లా కలిసే పోయేవాళ్ళు. నిద్దరొస్తే ఒకరి కాలు ఇంకొకరికి ఆనించుకుని పడుకునేవాళ్ళు.

అదే గుంటలో పరుగులయ్య అని ఒక పేరమీసియం ఉండేవాడు. ఒళ్ళు అచ్చం చెప్పు ఆకారం. ఆ మాట మాత్రం ఎవరూ పైకనేవాళ్ళు కాదు, అంటే ఊరుకునే మనిషి కాదు. ఒళ్ళంతా సన్నటి నూగు. ఆ నూగంతా తెడ్లేసినట్టు ఒక్కసారి ఊపాడంటే గిరగిరా తిరుగుతూ ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి పోతాడు.

“ఏమే గంజిబొట్లూ, బయల్దేరారా? మీరు ఆ నాచుదాకా పోయేసరికి నేను మళ్ళీ వచ్చి పడుకుంటా,” అనేవాడు.

“మాకేం తొందర మావా,” అనేది సాగమ్మ. “నువ్వు తిరిగిన చోటే తిరుగుతున్నావు. మేము పోయేచోటికి పోతున్నాం.”

“మీకున్నది ఒకటే గింజ. నాకు పెద్ద గింజొకటి, చిన్న గింజొకటి. ఇంకో సంగతి చెప్తా వినండి. నాకు ఒంట్లో సత్తువ తగ్గితే ఏం చేస్తానో తెలుసా? మా వాళ్ళల్లోనే ఒకణ్ణి ఆనుకుని నిలబడతా. నా చిన్న గింజలో సగం వాడికిస్తా, వాడి గింజలో సగం నేను తీసుకుంటా. మళ్ళీ కుర్రాణ్ణయిపోతా. మీకుందా ఆ విద్య?”

“లేదు మావా,” అనేవాళ్ళు ఇద్దరూ. వాళ్ళకి దాంట్లో బాధేం కనపడలేదు.

వీళ్ళందరికీ పెద్దదిక్కు పచ్చ పిన్ని. ఆమె యూగ్లీనా. ఆకులాగా పచ్చగా ఉంటుంది, ఆకులాగే ఎండని తిని బతుకుతుంది. ముందు కొరడాలాంటి తోక ఉంటుంది, దాన్ని ఆడించుకుంటూ ఈదుతుంది. పక్కన ఎర్రటి చుక్క ఉంటుంది. వెలుగు ఎటుందో, ఎంతుందో ఆ చుక్కతో కనిపెడుతుంది. గుంటలో అందరికంటే ముందు ఎండ సంగతి తెలిసేది పిన్నికే.

వానాకాలం చివర్లో ఒక పెద్ద వాన కొట్టింది. దున్న అడుగు నిండి పొర్లి, సన్నటి కాలవ కట్టి పక్కనున్న వాగులోకి దారి పడింది. పచ్చ పిన్ని పరుగులయ్య దగ్గరికి పోయింది.

“నాయనా, ఇదే ఆఖరి వాన. ఎండలో మార్పొచ్చింది, నాకు తెలుస్తోంది. ఈ గుంట ఎండిపోద్ది. నేనూ ఈ అక్కచెల్లెళ్ళూ అయితే ఒంటిచుట్టూ పెంకు కట్టుకుని లోపల పడుంటాం. నీకా పని చేతకాదు. ఈ కాలవ ఉండగానే వాగులోకి పో.”

పరుగులయ్య నవ్వాడు. “ఇక్కడ నేను దొరని పిన్నీ. వాగులోకి పోయి చేపపిల్లలకి పలారమవ్వనా?”

“వాగులో నీవాళ్ళు బోలెడుమంది ఉంటారు నాయనా.”

“అదే వద్దనేది. నాలాంటోళ్ళు వెయ్యిమంది ఉన్నచోట నన్నెవడు చూస్తాడు? నీళ్ళు తగ్గితే అప్పుడు చూసుకుంటా. నా పరుగు ముందు ఎండెంత?”

కాలవ ఎండిపోయింది. దారి మూసుకుపోయింది. గుంటలో నీళ్ళు రోజురోజుకీ దిగిపోయాయి. చెంబెడు నీళ్ళు దోసెడయ్యాయి, దోసెడు కాస్తా అడుగున తడయ్యింది. పరుగులయ్య అప్పుడు పరిగెత్తడం మొదలుపెట్టాడు. ఎటు పోయినా బురదే. వెనక్కి తిరిగితే ఇటూ బురదే. దారి కోసం తిరిగి తిరిగి ఒంట్లో సత్తువంతా పోగొట్టుకున్నాడు.

పచ్చ పిన్ని తోక రాల్చేసుకుని, గుండ్రంగా చుట్టుకుని, పెంకు కట్టేసుకుంది. కట్టుకునేముందు, “పిల్లలూ, మీరు ఆలస్యం చెయ్యొద్దర్రా,” అని ఒక్క మాట చెప్పింది.

అక్కచెల్లెళ్ళు కూడా మొదలుపెట్టారు. పెంకు కట్టుకోవాలంటే ఊరికే కాదమ్మా. ముందు తిండి మానెయ్యాలి. పొట్టలో అరగనిదంతా బయట పారెయ్యాలి. ఒంట్లో నీళ్ళు తోడి పొయ్యాలి. చాపిన కాళ్ళన్నీ లోపలికి తీసుకోవాలి. అప్పుడు గుండ్రటి ఒంటిచుట్టూ గోడ లేస్తుంది.

పరుగులయ్య పాక్కుంటూ వాళ్ళ దగ్గరికొచ్చాడు. ఆ నూగు సగానికి సగం కదలటంలేదు.

“అమ్మాయ్,” అన్నాడు. ఎప్పుడూ గంజిబొట్టనే మనిషి. “నాక్కూడా ఒక గోడ కట్టి పెట్టవే.”

“అది ఎవరికి వాళ్ళు కట్టుకునేదే మావా. ఒకరు ఇంకొకరికి కట్టేది కాదు,” అంది మెత్తమ్మ. చెప్పడానికి ఎంత కష్టమయ్యిందో దానికి.

“అయితే మింగేస్తావా నన్ను? అమీబాలకి మేము మంచి తిండే కదా.”

“ఛీ, అదేం మాట మావా. ఇట్లా దగ్గరికి జరుగు.”

అక్కచెల్లెళ్ళిద్దరూ ఎటూ ఒంట్లో నీళ్ళు తోడి పొయ్యాలి కదా. ఆ నీళ్ళు ఇద్దరూ పరుగులయ్య మీద పోశారు. ఎంతుంటాయి ఆ నీళ్ళు? ఏమీ లేవు. అయినా ఆ తడిలో ఆయన చల్లగా పడుకున్నాడు.

“వాగులో మావాళ్ళు ఉండుంటారు కదే,” అన్నాడు.

“ఉంటారు మావా.”

నూగు ఒక్కొక్కటే ఆగిపోయింది. ఆయన పోయాడు. పక్కన ఇద్దరుండగా పోయాడు, అంతవరకు నయం.

ఇంక మెత్తమ్మ, సాగమ్మ మిగిలారు. సాగమ్మ కాళ్ళన్నీ తీసేసుకుంది. మెత్తమ్మ కూడా తీసుకుంది గానీ ఒక్క కాలు తియ్యలేదు. సాగమ్మకి ఆనించిన కాలు. దాంతో ఇద్దరి గోడలూ మూసుకోవటంలేదు, అక్కడ సందుండిపోయింది.

“తియ్యవే చెల్లీ,” అంది సాగమ్మ.

“తీస్తే నువ్వెక్కడో నేనెక్కడో.”

“తియ్యకపోతే ఇద్దరం ఇక్కడే ఎండిపోతాం.”

“పోనీ. కలిసే పోదాం.”

సాగమ్మకి కోపమొచ్చింది. “ఏం పిచ్చిమాటలే అవి! నువ్వు బతికితే నాకు సంతోషం. నేను బతికితే నీకు సంతోషం కాదా? తియ్యి. బతకడానికే తియ్యమంటున్నా.”

మెత్తమ్మ ఆ కాలు వెనక్కి తీసుకుంది. ఎంత మెల్లగా తీసుకుందంటే, తీసుకున్నట్టు సాగమ్మకి తెలియకూడదన్నంత మెల్లగా. రెండు గోడలూ మూసుకున్నాయి.

ఆ తర్వాత బురదంతా ఎండి నెర్రెలిచ్చింది. ఒక నెర్రె సరిగ్గా వాళ్ళిద్దరి మధ్యనుంచి పోయింది. గాలి వీచింది. సాగమ్మ ఉన్న పక్క మన్నంతా దుమ్మయి లేచి ఎటో పోయింది. మెత్తమ్మ, పచ్చ పిన్ని ఉన్న మట్టిపెళ్ళ ఒక కణుజు గిట్టల సందులో ఇరుక్కుని కొండ అవతల రాతిగుంటలో పడింది.

ఎండాకాలం ఎట్లాగో గడిచింది. వాన వచ్చింది. రాతిగుంట నిండింది. పచ్చ పిన్ని పెంకు చీల్చుకుని బయటికొచ్చి, కొత్త తోక మొలిపించుకుని, మెత్తమ్మ పెంకు దగ్గరికి పోయి తట్టింది.

“మెత్తమ్మా, నీళ్ళొచ్చాయే. లే.”

పిన్ని మళ్ళీ తట్టింది.

“నాకిక్కడ బానే ఉంది పిన్నీ,” అంది మెత్తమ్మ లోపలినుంచే.

“ఏం బాగే, ఆ చీకట్లో?”

“చెల్లి కనపడిందా?”

“లేదు తల్లీ. నీకు అబద్ధం చెప్పను. ఈ గుంటలో లేదు. ఎక్కడన్నా వాన పడి లేచిందేమో, లేదేమో, నాకు తెలియదు.”

“అయితే నేనెందుకు రావాలి?”

పచ్చ పిన్ని పెంకుకి ఒళ్ళు ఆనించి కూర్చుంది. తొందర పెట్టలేదు. కసరలేదు.

“లోపల నీ గింజ ఉంది చూడు, అది పాతసత్తువ మీద బతుకుతోంది. అది అయిపోతుందే. ఎండకి చావనిదానివి నీళ్ళల్లో ఉండి చస్తావా? ఆ పిల్ల నిన్ను కాలు తియ్యమన్నది ఈ పెంకులో కూర్చోమని కాదమ్మా. నువ్వు కాలు తీసుకున్నావంటే దానికి మాటిచ్చినట్టే.”

వాన ఆగింది, మళ్ళీ పడింది. పిన్ని అక్కడే ఉంది.

చాలాసేపటికి పెంకు ఒకచోట మెత్తబడింది. ఆ చోట చిన్న కన్నం పడింది. అందులోంచి ఒక కాలు బయటికొచ్చింది, భయంభయంగా. ఆ కాలు ముందు పక్కకి పోయింది, సాగమ్మ ఉండాల్సిన పక్కకి. ఎవరూ తగల్లేదు. కాసేపు అక్కడే ఉంది. తర్వాత మెల్లగా ముందుకి తిరిగింది. నీళ్ళు చల్లగా తగిలాయి. మిగతా ఒళ్ళంతా ఆ కాలు వెంట జారుకుంటూ బయటికొచ్చింది. ఖాళీ పెంకు అడుక్కి పోయి పడింది.

“ఆకలేస్తోంది పిన్నీ,” అంది మెత్తమ్మ.

“వెయ్యాలిగా మరి,” అంది పచ్చ పిన్ని. “ఆ నాచు కింద చూడు, బోలెడు తిండి.”

తిని, పెరిగి, రెండయ్యి, నాలుగయ్యి, ఆ వానాకాలం అయ్యేసరికి ఆ రాతిగుంట నిండా మెత్తమ్మ వాళ్ళే.

నీతి: చెప్పిన మాట వినక బడాయికి పోతే ఎంత పరుగున్నా కాపాడదు. ఎండలో ముడుచుకున్నవాళ్ళు వాన పడ్డాక విప్పుకోవాలి నాయనా, పోయినవాళ్ళు మనల్ని బతకమన్నారు గానీ దాక్కోమనలేదు.