తొమ్మిది పళ్ల అతుకు

అనగనగా ఒక అడవిలో, ఏరు రెండు పాయలుగా చీలే చోట, నీళ్ల నడుమ ఒక పెద్ద బండ ఉండేది. ఎండాకాలంలో అక్కడ నీళ్లు మోకాలి లోతే. చుక్కమ్మ అనే జింక రేచుకుక్కల కంట పడకుండా ఆ బండ మీదికి వెళ్లి పిల్లను కన్నది. మర్నాడే ఎగువ కొండల్లో వాన పడింది. ఏరు పొంగింది.

బండ నీటికి ఎనిమిది జానల ఎత్తున ఉంది. నీరు రోజుకు రెండు జానలు పెరుగుతోంది. ఎన్ని రోజుల్లో బండ మునుగుతుందో మీరే చెప్పండి. అవును, నాలుగే. చుక్కమ్మకు ఈత వచ్చు. పిల్లకు ఇంకా నిలబడడమే రాదు.

చుక్కమ్మ ఈదుకుంటూ ఒడ్డుకు వచ్చింది. అక్కడ ఇద్దరు పనిమంతులు ఉన్నారు. ఒకరు టకటకయ్య అనే వడ్రంగిపిట్ట. ముక్కుతో చెక్కుతాడు. ఇంకొకరు సూదమ్మ అనే ఏదుపంది. ఒళ్లంతా ముళ్లు. పళ్లతో కొరికి చెక్కుతుంది. ఇద్దరూ వరసకు వదినా మరుదులు.

"అన్నా! అక్కా! నా బిడ్డను ఒడ్డుకు చేర్చే దారి చూడండి," అంది చుక్కమ్మ.

"ఏడవకమ్మా," అన్నాడు టకటకయ్య. "ఇక్కడ రెండు బూరుగు దుంగలు పడి ఉన్నాయి. ఒక్క దుంగైతే నీళ్లలో దొర్లిపోతుంది. రెండూ పక్కపక్కన కలిపితే తెప్ప అవుతుంది."

"ఒకటి నేను చెక్కుతా, ఒకటి మా మరిది చెక్కుతాడు," అంది సూదమ్మ.

"నాదే ముందు అయిపోతుంది చూడు వదినా!"

"అయిపోవడం కాదు మరిదీ, బాగుండాలి. నువ్వు చెక్కిన చెట్టు జల్లెడలా ఉంటుంది."

"నువ్వు కొరికింది ఎలుక కొట్టిన బెల్లం ముక్కలా ఉండదేం?"

ఇలా అనుకుంటూనే ఇద్దరూ పనిలో దిగారు. మొదటి రోజు ఎవరి దుంగ అంచును వాళ్లు అద్దంలా నున్నగా చేశారు. రెండు అంచులూ ఆనించి, తీగతో కట్టారు. చుక్కమ్మ నుదుటితో తెప్పను నీళ్లలోకి నెట్టింది. వరద తగిలింది. ఒక దుంగ ముందుకు జారింది. ఇంకోటి వెనక్కి జారింది. తీగ వదులై ఊడిపోయింది. చుక్కమ్మ ఆయాసపడుతూ రెండు దుంగలనూ ఒడ్డుకు తోసింది. సాయంత్రానికి బండ ఆరు జానలే మిగిలింది.

రెండో రోజు టకటకయ్య అన్నాడు, "జారకుండా ఉండాలంటే అంచులకు పళ్లు చెక్కాలి."

సూదమ్మ తన దుంగకు ఐదు లావుపాటి పళ్లు కొరికింది. టకటకయ్య తన దుంగకు తొమ్మిది సన్నటి పళ్లు చెక్కాడు. ఎంత ముద్దుగా ఉన్నాయో! రెండూ దగ్గరికి చేర్చారు. పన్ను వెళ్లి పన్నుకే తగిలింది. ఒక్కటీ దిగలేదు.

"నీ తొమ్మిదీ తగ్గించు," అంది సూదమ్మ.

"నీ ఐదూ పెంచు," అన్నాడు టకటకయ్య. "నాలుగు ఎక్కువ చెక్కింది నేను. తగ్గేది నేనా?"

"ముందు కొరికింది నేను. మార్చేది నేనా?"

ఆ మాటల్లోనే పొద్దు గడిచిపోయింది. బండ నాలుగు జానలే మిగిలింది.

మూడో రోజు పొద్దున్నే టకటకయ్య నీరు చూడడానికి బండ మీదికి ఎగిరాడు. చల్లగాలి కొడుతోంది. చుక్కమ్మ కాళ్లు ముడుచుకుని, వీపు వంచి పడుకుని ఉంది. కడుపు దగ్గర ఒక గుంటలా చోటు చేసింది. ఆ చోటులో పిల్ల సరిగ్గా ఇమిడిపోయింది. మధ్యలో గాలి కూడా దూరదు.

"అలా వంగి పడుకుంటే నడుము నొప్పి పుట్టదా చెల్లీ?" అని మెల్లగా అడిగాడు.

"పుడుతుంది అన్నా. కానీ నేను చాపుకుని పడుకుంటే వీడు ఎక్కడ ఉంటాడు?"

టకటకయ్య ఒడ్డుకు తిరిగి వచ్చాడు. సూదమ్మ దుంగను ముక్కుతో కొలిచాడు. తన దుంగ దగ్గరికి వెళ్లి, తను చెక్కిన పళ్లను తనే కొట్టడం మొదలుపెట్టాడు.

"పిచ్చి పట్టిందా మరిదీ? నిన్నంతా వాటినే మురిపెంగా చూసుకున్నావుగా!"

"నీ పన్ను రావలసిన చోట నా పన్ను ఉండకూడదు వదినా," అన్నాడు.

ఐదు పళ్లు పోయాయి. ఆ చోట్లలో ఐదు గుంటలు తవ్వాడు. అది చూసి సూదమ్మ కూడా తన లావు పళ్లను చుట్టూ కొరికి సన్నం చేసింది, అతని పళ్లకు చోటు చాలాలని. సాయంత్రం రెండు దుంగలూ దగ్గరికి చేర్చారు. ఈసారి తోయనక్కర్లేకపోయింది. టక్కున కూర్చున్నాయి. పైన తీగ బిగించారు.

నాలుగో రోజు పొద్దున బండ ఒక్క జానే మిగిలింది. చుక్కమ్మ తెప్పను బండ దాకా నెట్టి, పిల్లను దాని మీదికి జరిపింది. మళ్లీ ఏట్లోకి దిగింది. నడి ఏట్లో కొట్టుకొస్తున్న మాను ఒకటి వచ్చి తెప్పకు తగిలింది. పైన ఎగురుతున్న టకటకయ్య కళ్లు మూసుకున్నాడు. అతుకు కిర్రుమంది. విడిపోలేదు.

ఒడ్డున జింకపిల్ల నాలుగు కాళ్ల మీద లేచి నిలబడింది. నిలబడడం అదే మొదటిసారి.

"ఈ అతుకుకు పేరేమిటి అన్నా?" అంది చుక్కమ్మ, పిల్లను నాకుతూ.

"పేరు లేదమ్మా. పొందిక అందాం."

అలా ఆ అడవిలో పొందిక అంటే మొదట చెక్కల అతుకే. గోరింకలు కలిసి పాడినప్పుడూ, ఒక గూట్లో అందరూ నవ్వుతూ ఉన్నప్పుడూ ఆ మాట వాడడం తర్వాత వచ్చింది. ఇది కథలో సంగతే కాదు పిల్లలూ. హార్మోనియం పెట్టె పేరు విన్నారు కదా? ఆ పేరు హార్మోనియా అనే గ్రీకు దేశపు మాట నుంచి వచ్చింది. అక్కడ కూడా అది ముందు చెక్కకు చెక్క బిగించే అతుకు పేరట. పాటలకు ఆ పేరు తర్వాత వచ్చిందట.

ఒడ్డున సూదమ్మ మాత్రం ఇంకా తెప్పనే చూస్తోంది.

"పాపం మరిదీ," అంది. "నీ తొమ్మిది పళ్లలో నాలుగే మిగిలాయి."

"లెక్క తప్పావు వదినా," అన్నాడు టకటకయ్య. "నావి నాలుగు, నీవి ఐదు. తొమ్మిదీ ఉన్నాయి. కాకపోతే ఐదు నీ దగ్గర ఉన్నాయి."

నీతి: అందరూ ఒకేలా ఉండడం పొందిక కాదు, పక్కవాళ్ల కోసం మనలో కాస్త చోటు చేయడమే పొందిక.