వెనక తాళ్లు

ఒక తీరంలో ఒక మంత్రసాని ఉండేది. తీరానికి ఎదురుగా నీళ్లు, నీళ్లకు అవతల ఒక లంక. ఆ నీళ్లలో పడవ వేస్తే అడుగు తగిలి ఆగిపోతుంది, మనిషి దిగితే నడుముదాకా బురద మింగుతుంది. అందుకని అక్కడివాళ్లు చెక్క పలక మీద నిలబడి, పెద్ద గాలిపటం చేత లాగించుకుని దాటేవారు.

పటానికి నాలుగు తాళ్లు. ముందు రెండూ మనిషి నడుముకు కడతారు, బరువంతా వాటిదే. వెనక రెండూ చేతికర్రకు ఉంటాయి. అవి లాగితే పటం మాట వింటుంది. మాట ఇంకా బాగా వినాలని ఏటా వెనక తాళ్లకు ఒక్కో ముడి వేసి పొట్టి చేసేవారు. వేసిన ముడి విప్పడం ఆ తీరంలో అశుభం. పెద్ద గాలికి ఎలా కట్టిన పటమైనా ఎగురుతుంది. అందువల్ల ఆ ముడులు చేసే చెరుపు ఎవరికీ తెలియలేదు.

మంత్రసానికి ఒక్కతే కూతురు. నీళ్లకు వెళ్లినా, నిద్రపోయినా పక్కనే తల్లి. ఒక గాలి రోజున ఆ పిల్ల చెప్పకుండా లంకకు వెళ్లి, అక్కడే పెళ్లి చేసుకుంది.

గాలి సన్నగిల్లుతున్న ఒక ఉదయం, చివరి గాలిని పట్టుకుని లంక నుంచి ఉప్పు మోసేవాడు వచ్చాడు.

"అత్తా, నీ కూతురికి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందట. అక్కడ చూసేవాళ్లు లేరు."

"నన్ను రమ్మందా?"

అతను పలక మీది ఇసుక దులుపుకున్నాడు. "లేదు. నేనే వచ్చాను."

ఆమె పటం ఎత్తింది. అది లేచింది, ఆకాశంలో ఒక్క క్షణం ఆలోచించింది, వెనక్కి వాలి, తోక ముందుగా నీళ్లలో పడింది. మళ్లీ ఎత్తింది. ఈసారి పడిపోతుందేమోనని ఇంకా గట్టిగా లాగింది. ఇంకా త్వరగా పడింది.

ఒడ్డున వలలు ఆరేస్తున్న ఆడవాళ్లు నవ్వారు.

"పిన్నీ, పటానికి దాహమేస్తోందా ఏం?"

"ఇంకో ముడి వెయ్యి పిన్నీ! పట్టు చాలడం లేదు!"

ఆమె ఇంకో ముడి వేసింది. ఈసారి పటం లేవనే లేదు. ఆమె నీళ్ల అంచున కూలబడి, తడిసిన పటాన్ని ఒళ్లోకి తీసుకుంది.

"నేనేం తక్కువ చేశాను నీకు?" అంది.

"తక్కువేం చేయలేదు," అంది పటం. "నువ్వు లాగిన కొద్దీ నా ముఖం నీవైపు తిరుగుతోంది. ముఖం నీవైపు ఉంటే గాలి నాకు కనపడదు."

"వదిలితే పోతావు."

"పోతాను. పోవడమే నా పని. ముందు తాళ్లు నీ నడుముకే ఉన్నాయిగా, నిన్ను వదిలి ఎలా పోతాను?"

ఆమె వెనక తాళ్లను దగ్గరికి లాక్కుంది. తర్వాత మొదటి ముడిని పళ్లతో పట్టింది.

"అయ్యో, విప్పుతోందే!" అని ఒకామె ముఖం తిప్పుకుంది. నవ్వులు ఆగిపోయాయి. పాత ముడులు ఉప్పుకు రాయిలా బిగిసి ఉన్నాయి. గోళ్లు విరిగాయి. అన్నీ విప్పేసరికి వెనక తాళ్లు సడలి, గాలిలో కాస్త బొజ్జ వేసి వేలాడాయి.

పటం లేచింది. ముక్కు ముందుకు వంచి, ఉన్న ఆ కొంచెం గాలినీ చప్పరిస్తూ పైకి పాకింది. పలక కదిలింది.

నీళ్లు పాలలా కదలకుండా ఉన్నాయి. ఆకాశం పైనా ఉంది, కిందా ఉంది. కింది ఆకాశంలో చిన్న చేపలు మబ్బుల్ని తింటున్నాయి. లంక దగ్గరవుతోందో, తానే ఒక కలలో నిలబడి ఉందో ఆమెకు తెలియలేదు. మధ్యలో భయమేసి చేతులు వాటంతటవే కర్రను లాగాయి. పటం వణికి, ఆగి, వెనక్కి ఒరిగింది. ఆమె చేతులు చాచింది. కర్ర దూరం జరిగింది, పటం ఊపిరి పీల్చుకుంది. చేతులు చాచి ఉంచడం లాగడం కంటే కష్టమని ఆమెకు అప్పుడు తెలిసింది.

లంకలో ఇంటి ముందు అల్లుడు నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి చేతులు నలుపుకున్నాడు.

"మీరొస్తే రానివ్వొద్దంది, అత్తగారూ. నేనేం చెయ్యను?"

లోపల ఒక కేక లేచి, సగంలో విరిగింది. మూసిన తలుపు దగ్గరికి ఆమె వెళ్లింది.

"ఎవరది?" అంది కూతురి గొంతు.

నీ అమ్మను అనే మాట ఆమె నోటిదాకా వచ్చింది. ఆమె దాన్ని అక్కడే ఉంచేసింది.

"మంత్రసానిని. పిలిస్తే వస్తాను. వద్దంటే ఇక్కడే కూర్చుంటాను."

లోపల ఇంకో నొప్పి లేచి తగ్గింది. తర్వాత ఎవరో గడియ తీశారు. తలుపు పూర్తిగా తెరుచుకునేదాకా ఆమె దాన్ని తోయలేదు.