గిడుగుమెట్ట నిలువయ్యకు ఆకు కట్టిన కథ

చెరకు తోటలు ఆగిపోయి జీడిమామిడి తోటలు మొదలయ్యే చోట గిడుగుమెట్ట అనే చిన్న కొండ ఉన్నది. దాని కింది ఊరు పెదకర్రివలస. బస్సు దిగి, బెల్లం బట్టీల పక్క నుంచి మట్టిదారిన నడిచి, ఎనభై మూడు మెట్లు ఎక్కితే నిలువయ్య స్వామి సన్నిధికి చేరుకోవచ్చు. ఇక్కడ గుడి లేదు, గోపురం లేదు, కప్పు అసలే లేదు. మెట్ట మీద మనిషెత్తు నల్లరాయి ఒకటి నిలబడి ఉంటుంది. దానికి కన్నూ ముక్కూ చెక్కలేదు. నెత్తిన మాత్రం తాటాకు గిడుగు ఉంటుంది. వెదురు బద్దల చట్రం మీద తాటాకు అల్లి, నాట్ల వేళ వానలో మగవాళ్ళు టోపీలా పెట్టుకునే దాన్నే ఈ ప్రాంతంలో గిడుగు అంటారు.

భక్తులు ఇక్కడ ప్రదక్షిణం చేయరు. తలకు రుమాలు గాని టోపీ గాని ఉంటే తీయకుండానే దండం పెట్టుకుంటారు. స్వామి గిడుగు ఎత్తడం, దాని కిందికి తొంగిచూడడం నిషిద్ధం. ఈ కట్టడి ఎందుకు వచ్చిందో తెలియాలంటే కూర్మయ్యకు జరిగినది తెలియాలి.

పూర్వం ఇక్కడ కూర్మయ్య అనే పశువుల కాపరి ఉండేవాడు. భార్య గవరమ్మ, పెళ్ళి కావలసిన తమ్ముడు పారయ్య, ఇరవై గేదెలు, ఇదీ అతని సంసారం. అప్పటికే మెట్ట మీద రాయి ఉంది, రాయి నెత్తిన గిడుగూ ఉంది. ఎవరు పెట్టారో, ఏ కాలంలో పెట్టారో ఊళ్ళో పండు ముసలివాళ్ళకు కూడా తెలియదు. ఎన్ని ఎండలు కాసినా ఆ ఆకు ఎండేది కాదు. దగ్గరికి వెళితే ఆ పూటే కోసిన తాటిమట్ట వాసన వచ్చేది. అందుకే ఎవరూ దగ్గరికి వెళ్ళేవారు కాదు.

ఒక ఏడాది తొలకరి వాన కూర్మయ్యను మెట్ట మీదే పట్టుకుంది. అతని గిడుగుకు నడినెత్తిన చిల్లి పడి ఉంది. నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. ఎదురుగా రాయి నెత్తిన ఆకు పచ్చగా నిగనిగలాడుతోంది. రాయికి వానేమిటి, చలేమిటి అనుకున్నాడు. అంచున ఉన్న ఆకు ఒకటి పట్టి లాగాడు. అది ఊడి రావడంతో పాటు వెదురుకు చుట్టిన చిన్న నారముడి ఒకటి రాలి అతని పాదం మీద పడింది. ఎందుకో దాన్ని కూడా రొంటిన దోపుకున్నాడు. ఆకును తన గిడుగు చిల్లికి అడ్డం పెట్టి గేదెలను తోలుకుని దిగి వచ్చేశాడు.

మర్నాడు ఉదయం గంజి తాగుతుండగా అతని నడినెత్తిన ఒక నీటిబొట్టు పడింది. పైకి చూశాడు. ఇంటి కప్పు పొడిగా ఉంది. చోటు మారి కూర్చున్నాడు. ఇంకో బొట్టు అదే చోట పడింది. ఆ పక్కనే పారయ్య కూడా నెత్తి తడుముకుంటున్నాడు.

"వదినా, కప్పు కారతంది సూడు."

గవరమ్మ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. ఆమె మీద ఒక్క చుక్క పడలేదు.

పూట గడవకముందే తెలిసింది, ఊళ్ళో మగవాళ్ళందరికీ ఇదే వరస అని. ఏ ఇంట్లో కూర్చున్నా, ఏ చెట్టు కింద నిలబడినా, లెక్క తప్పకుండా బొట్టు వెంట బొట్టు. ఆడవాళ్ళకూ పసివాళ్ళకూ ఏమీ లేదు. గవరమ్మ మరిది నెత్తిన ఇత్తడి బిందె బోర్లించి చూసింది. బిందె పైభాగం ఎండిపోయి ఉంది. లోపల మాత్రం టప్పు, టప్పుమని వినిపించింది.

వారం తిరిగేసరికి మగవాళ్ళకు నిద్ర లేదు. మాట మధ్యలో ఆగిపోయి, తరువాతి బొట్టు కోసం ఎదురుచూసేవారు. పదవనాడు కమ్మరి గొర్లయ్య కొలిమి దగ్గర పని వదిలి లేచాడు. ఎవరితోనూ చెప్పకుండా మెట్టెక్కి, నల్లరాయి పక్కన నిలబడిపోయాడు. భార్య వెళ్ళి పిలిచింది, పలకలేదు. చెయ్యి పట్టి లాగింది, కదలలేదు. ముఖం చూద్దామని ఎదురుగా వెళ్ళింది. అక్కడా వీపే కనిపించింది. చుట్టూ తిరిగింది. ఎటు తిరిగినా అతని వీపే. ఆమె కొండ దిగి వచ్చి మూడు రోజులు గడప దాటలేదు. ఆ మూడు రోజుల్లో మరో నలుగురు మెట్టెక్కారు.

స్వామి గిడుగుకు ఆకు ఊడిందని అప్పటికి ఊరు గమనించింది. గాలికి ఊడి ఉంటుందనుకున్నారు. బుట్టలల్లే వాళ్ళ చేత కొత్త గిడుగు చేయించి పాతదాని మీద కప్పారు. తెల్లారేసరికి అది నల్లగా కుళ్ళి రాయి పాదాల దగ్గర పడి ఉంది. మూడుసార్లు చేయించారు, మూడుసార్లూ అంతే అయింది. కూర్మయ్య అందరితో పాటు నిలబడి చూశాడు గాని నోరు విప్పలేదు. చెబితే ఊరు తనను బతకనివ్వదని భయం. చెప్పకపోతే బతకలేననీ తెలుసు.

ఒక మధ్యాహ్నం గేదెల పాకలో కునుకు పట్టింది. కలలో ఒక మనిషి అతనికి వీపు చూపి నిలబడ్డాడు. నెత్తిన గిడుగు ఉంది. దాని అంచు సందులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"కొత్తవి నాకొద్దు. నాది నాకు కట్టించు. ఈ అల్లిక తెలిసిన చెయ్యి ఒకటే ఉంది, వెతుకు," అన్నాడు.

కూర్మయ్య లేచేసరికి రొంటిన ఉన్న నారముడి తడిసి చల్లగా ఉంది.

ఆ రోజే బయలుదేరాడు. వెళ్తూ తన గిడుగు పారయ్య నెత్తిన పెట్టాడు. "ఉంచుకోరా, కాస్తయినా ఆగుతాదేమో," అన్నాడు. నిజానికి ఆ ఆకు తన కళ్ళ ముందు ఉండకపోతే చాలనుకున్నాడు.

ఊరు దాటినా బొట్టు అతణ్ని వదలలేదు. మబ్బు లేని ఆకాశం కింద, నడిఎండలో జుట్టు తడిసి కారుతూ నడిచే మనిషిని చూసి జనం వాకిళ్ళు మూసుకున్నారు. సంతలో గిడుగులు అమ్మే ఒకతను ముడిని తిప్పి తిప్పి చూసి, ఇలాంటిది తాను ఎరగనన్నాడు. మరో ఊళ్ళో వణికే చేతుల ముసలి మేదరి ఒకాయన గుర్తుపట్టాడు.

"చేపముల్లు అల్లిక. నా చిన్నప్పుడు చూసేను. దాలమ్మని ఒకర్తి ఉండాలి, సముద్రం ఒడ్డున చేపల బుట్టలు బాగు చేస్తాది. ఉంటే దానికే తెలియాలి," అన్నాడు.

దాలమ్మకు చూపు దాదాపు పోయింది. ఇసుకలో కూర్చుని వేళ్ళతోనే బుట్ట అంచు కడుతోంది. కూర్మయ్య ముడిని ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె బొటనవేలు దాని మీద ఒకసారి తిరిగి ఆగిపోయింది.

"ఇది మా అయ్య సేతిది గాదు, ఆళ్ళ అయ్యదీ గాదు. ఆళ్ళకి నేర్పినోళ్ళది. ఎక్కడ తెంపినావు?"

"తెంపలేదమ్మా. అదే రాలింది."

"ఈ ముడి రాలదు నాయినా. పక్కాకు లాగితేనే రాల్తాది. అబద్ధం ఆడితే నా దగ్గర మందు లేదు, ఎల్లిపో."

కూర్మయ్య ఆ ఇసుకలో కూలబడ్డాడు. అప్పటిదాకా భార్యకు కూడా చెప్పని మాట ఆమెకు చెప్పాడు. ఆమె తిట్టలేదు. సాంతం విని ఒక్కటే అడిగింది.

"ఆ ఆకు ఎక్కడుంది?"

"మా తమ్ముడి నెత్తిన."

ఆమె కత్తి, నారకట్ట మూట కట్టుకుని లేచింది.

వాళ్ళు వచ్చేసరికి మెట్ట మీద పంతొమ్మిది మంది నిలబడి ఉన్నారు. పారయ్య వాళ్ళలో చివరివాడు. గవరమ్మ మెట్ట కింద రాతి మీద కూర్చుని ఉంది. రోజూ పట్టుకెళ్ళిన గంజి రోజూ అలాగే తిరిగి వచ్చిందని చెప్పింది.

దాలమ్మ స్వామి ముందు రాళ్ళు పేర్పించుకుని వాటి మీదికి ఎక్కింది. గిడుగు చుట్టూ వేళ్ళు పోనిచ్చి, "తల మీదుండగానే కట్టాల. తియ్యకూడదు," అంది. తరువాత కూర్మయ్య వైపు తిరిగింది. "నువ్వెళ్ళి ఆకు తే. ఇంకొకలు తెస్తే పనికిరాదు. తీసినోడే తేవాల."

కూర్మయ్య తమ్ముడి దగ్గరికి వెళ్ళాడు. వీపు కనిపించింది. ఎడంగా తిరిగి వెళ్ళాడు, వీపే. పిలిచాడు, పలుకు లేదు. చివరికి కళ్ళు మూసుకుని రెండు చేతులూ చాచాడు. గిడుగు అంచు దొరికింది. ఎత్తబోతూ వేళ్ళు జారాయి. నుదురు ఉండవలసిన చోట చల్లని తడి జుట్టు తగిలింది. ఇంకాస్త కిందికి జారాయి. అక్కడా జుట్టే. అయినా గిడుగు వదలలేదు.

"తప్పు నాదిరా పారయ్యా. నా తప్పుకి నువ్వు నిలబడ్డావు," అని గిడుగును ఎత్తి తీసుకున్నాడు. వెనక్కి చూడకుండా నడిచి వచ్చాడు.

నెలరోజులకు పైగా గడిచినా ఆకు ఇంకా పచ్చగానే ఉంది. దాలమ్మ దాన్ని చిల్లి దగ్గర నుంచి విప్పి, స్వామి గిడుగు సందులోకి దూర్చి కట్టడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి గిడుగు లోపల. ఒకచోట ఆమె చెయ్యి ఆగింది. ముఖం పాలిపోయింది. పెదవులు బిగించి మళ్ళీ కట్టింది. ఆఖరి ముడి బిగించగానే మెట్ట మీద చప్పుడు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ అంతమంది నెత్తుల మీద బొట్లు పడే చప్పుడు వింటూనే ఉన్నామని, అది ఆగాకే అందరికీ తెలిసింది.

గొర్లయ్య ముందుగా తిరిగాడు. అతని ముఖం అతనిదే. "కొలిమి ఆరిపోనాదా?" అన్నాడు. ఒక్కొక్కరే తిరిగారు, ఆకలి అన్నారు, కొండ దిగారు. పారయ్య అందరికన్నా చివర తిరిగి, ఉత్త నెత్తి తడుముకుంటూ, "అన్నా, నా గిడుగేదీ?" అని అడిగాడు. కూర్మయ్య అతని ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదలలేదు.

ఊరివాళ్ళు గిడుగు లోపల చేతికి ఏం తగిలిందని దాలమ్మను అడిగారు. "గిడుగు బాగు సేసినోళ్ళు తల ఊసు ఎత్తకూడదు," అని మాత్రం చెప్పింది. ఏం ఇమ్మంటావని కూర్మయ్య అడిగితే, ఇచ్చేవి వద్దంది. "నాకు బిడ్డల్లేరు. ఇది నాతోనే పోతాదని సముద్రం ఒడ్డున కూకుని ఏడిసినాను. నువ్వు నేర్సుకో," అంది. ఆ వానాకాలమంతా గవరమ్మ చేతి కూడు తింటూ ఆమె ఆ ఇంటనే ఉంది. కూర్మయ్య కట్టినది విప్పించి, మళ్ళీ కట్టించి, వేళ్ళు నెత్తురోడినా వదలక అల్లిక నేర్పింది. కార్తీకంలో ఒక ఉదయం తన ఊరికి వెళ్ళిపోయింది.

అన్నదమ్ములిద్దరూ ముసలివాళ్ళయ్యేదాకా బతికారు. పారయ్యకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. ఆ రోజుల సంగతి అతనికి ఏమీ గుర్తులేదు. కూర్మయ్య మాత్రం మళ్ళీ ఎన్నడూ తమ్ముడి వెనక నడవలేదు. పొలం గట్టు మీదైనా, పెళ్ళి ఊరేగింపులోనైనా తానే ముందు నడిచేవాడు. నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి తమ్ముడి ముఖం చూసుకునేవాడు.

నాటి నుంచి ఏటా ఏరువాక పున్నమి నాడు స్వామి గిడుగుకు ఒక్క ఆకు విప్పి, అదే ఆకును తిరిగి కట్టడం ఆచారమైనది. ఆనాడు మెట్ల పొడవునా మేదర్లు కూర్చుని, భక్తులు తెచ్చిన పాత గిడుగులు, చిరిగిన టోపీలు బాగుచేసి ఇస్తారు. అలా బాగుచేయించుకున్నది నెత్తిన పెట్టుకుంటే మాయని తలనొప్పులు పోతాయనీ, ఇల్లు విడిచి పోయినవాళ్ళు తిరిగి వస్తారనీ నమ్మకం. అలా తిరిగి వచ్చినవాళ్ళ పేర్లు మెట్ల పక్క గోడ మీద రాసి ఉన్నాయి, చూడవచ్చు.

కూర్మయ్య వంశంవాళ్ళు ఈ అల్లికను బయట కొందరు మేదర్లకు కూడా నేర్పారు. వంశంలో అది తెలిసిన చివరి పెద్దాయన కాలం చేసి పదకొండేళ్ళయింది. అప్పటి నుంచి వైశాఖం రాగానే ఊరి పెద్దలు ముగ్గురు మేదర వాడలూ సంతలూ తిరిగి, కట్టగలవారిని వెతికి, బొట్టు పెట్టి పిలుచుకు వస్తున్నారు. గత ఏడాది మనిషి దొరకడం ఎనిమిది రోజులు ఆలస్యమైనది. ఆ ఎనిమిది రోజులూ పెదకర్రివలసలో మగవాళ్ళు తలకు తువ్వాలు చుట్టుకునే తిరిగారు. తువ్వాలు ఎందుకు తడిసిందని ఒకరినొకరు అడగలేదు.

ప్రస్తుతం చేపముల్లు అల్లిక తెలిసినవారు మాకు తెలిసి ఇద్దరే. ఒకరికి ఎనభై దాటాయి. భక్తుల ఊళ్ళలో ఈ పని ఎరిగినవారు ఆడవారు గాని, మగవారు గాని ఎవరైనా ఉంటే సన్నిధిలో పూజారికి చెప్పగోరుతున్నాము. ఎంత దూరమైనా మేమే నడిచి వస్తాము. నిలువయ్య స్వామి మీ ఇంటి కప్పునూ, కప్పు కింది మనుషులనూ చల్లగా కాచుగాక.